ఏ ఎముక ఎవరికి

కనిషాయ్ సర్దిన పళ్లెం ముందు కూర్చుని ఇంతవరకూ ఎవరూ మొహం ముడుచుకోలేదు. కిర్గిజ్ కొండల్లోని ఈ అత్‌బాషి లోయలో ఇది చిన్న సంగతి కాదు. గొర్రెను కోసి ఉడికించడం ఇక్కడ ఎవరైనా చేస్తారు. ఉడికిన గొర్రెలో ఏ ఎముక ఎవరి ముందు పెట్టాలో తేల్చేదగ్గరే కొంపలు అంటుకుంటాయి. తుంటి ఎముక పెద్దమనిషికి, తోక దగ్గరి కొవ్వుముక్క పెద్దావిడకి, తొడ ఎముక ఆ తర్వాతి వరసకి, జబ్బ ఎముక నడివయసువాళ్లకి. వినడానికి తేలికే. కానీ గదినిండా కూర్చున్నవాళ్లలో ఎవరు ఎవరికంటే నాలుగు నెలలు పెద్ద, ఎవరు వయసులో చిన్నయినా వరసకి తాత, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే పాత గొడవ లేస్తుంది, ఇవన్నీ చూసుకుని మాంసం చల్లారకముందే పళ్లాలు లోపలికి పంపాలి. పై వీధిలో రెండు కుటుంబాలు ఒక జబ్బ ఎముక మూలంగా ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. చివరికి వాళ్లని కలిపింది పశ్చాత్తాపం కాదు. ఇద్దరి పొలాలకూ నీళ్లొచ్చే కాలవ పూడిపోయింది, ఒక్కళ్లే తవ్వుకోలేక కలిశారు.

కొండజాతుల ఆతిథ్యం గురించి రాసేవాళ్లు సాధారణంగా ముందుగదిలో కూర్చుని రాస్తారు. అక్కడినుంచి వాళ్లకి కల్మషం లేని నవ్వులు, బంగారంలాంటి మనసులు కనిపిస్తాయి. వంటపాకలోకి వచ్చి చూస్తే తెలుస్తుంది, అది మంచితనంకన్నా ఎక్కువగా చాకిరీ, పంతం, చట్టం అని. ఆ మూడింట్లోనూ కనిషాయ్‌ది ఆరితేరిన చెయ్యి.

ఆ చెయ్యి చూడదగ్గదే. పడుచుతనంలో ఆమె ఉమ్మడి వ్యవసాయక్షేత్రంలో గొర్రెల ఉన్ని కత్తిరించేది. గొర్రెని వెల్లకిలా వేసి మోకాళ్లమధ్య ఇరికించిందంటే, అది తేరుకునేలోపు బోడిగా లేచి పరిగెత్తేది. బొచ్చంతా ఒక్క ముక్కగా, దుప్పటి విప్పినట్టు కిందపడేది. జిల్లా పోటీలో పతకం కూడా ఇచ్చారు. తర్వాత క్షేత్రం పోయింది, గొర్రెల్ని ఇంటింటికీ పంచారు, పతకం ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు. భర్త పేరు సోవెత్, అంటే సోవియట్. పుట్టిన కాలంలో అటువంటి పేర్లు పెట్టుకునేవారు. మొగుడి పేరు నోటివెంట రాకూడదు కనుక కనిషాయ్ పాతికేళ్లపాటు దేశం పేరు కూడా పలకలేదు. రేడియోలో వార్తలు వస్తుంటే 'మా ఆయన దేశంలో పంటలు బాగున్నాయట' అనేది. ఆ దేశం పోయింది, ఆయన ఉన్నాడు. అలవాటూ ఉంది.

ఎముకల విద్య నేర్పింది అత్తగారు. కోడలు కాపురానికొచ్చిన మొదటి చలికాలమంతా ముసలావిడ ఉడికిన ఎముకల్ని గుడ్డమీద పరిచి పరీక్ష పెట్టేది. 'నీ మామ మేనమామ వచ్చాడు. వెంట వాళ్ల బావమరిది, వయసులో వాడే పెద్ద. వాకిట్లో గుర్రం దిగుతున్నవాడు మన తెగ కాదు. ఊఁ, పెట్టు!' తప్పుపెడితే అదే ఎముకతో వేలి కణుపులమీద ఒక్కటి. ఇటువంటి శిక్షణని మెచ్చుకోనక్కర్లేదు. ముసలావిడ కోడలికి ఒక్క మంచిమాట చెప్పకుండానే పోయింది. కానీ ఆవిడ దినం భోజనాలకి మూడు ఊళ్ల జనం వస్తే పళ్లాలన్నీ కనిషాయే సర్దింది. ఒక్కరి నొసలూ ముడిపడలేదు. ఆ రోజు నుంచి పెళ్లికైనా చావుకైనా కబురు ఆమెకే. ముల్లా ఆలస్యమైతే జనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కనిషాయ్ ఆలస్యమైతే గుర్రమ్మీద మనిషి వస్తాడు.

ఇనేస్ వచ్చింది వేసవి చివర్లో, వానలో. పోర్చుగల్ పిల్ల. బిష్కెక్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది చదువుకి వచ్చి, సెలవుల్లో వీపుకి సంచీ తగిలించుకుని దేశం తిరుగుతోంది. కనుమ దగ్గర రాళ్లతో కట్టిన పాత సత్రం ఉందని ఎవరో చెబితే చూడబోతూ, బస్సు ఆగిపోయినచోట దిగి, నీళ్లోడుతూ నిలబడింది. మందని తోలుకొస్తున్న కనిషాయ్ కంటబడింది.

"ఎవరింటికమ్మా?"

"ఎవరింటికీ కాదండీ. నడిచి వెళుతున్నాను."

"ఎవరింటికీ కాకుండా ఎలా వెళ్తావే?" కనిషాయ్‌కి నిజంగానే అర్థంకాలేదు. ఎవరింటికీ కాకుండా నడిచేది ఆమెకి తెలిసి తోడేలు ఒక్కటే.

ఈలోగా రోడ్డు అవతలినుంచి తోడికోడలు బత్మా గొంతు లేచింది. సోవెత్ అన్నగారి భార్య. వయసులో పెద్ద, నోరు ఇంకా పెద్ద. "ఏమే కనిషాయ్! ఆ పిల్ల దిగింది మా గుమ్మం ముందు! నేను పొయ్యిమీద టీ కూడా పెట్టాను!"

"నువ్వు చూశావక్కా, పలకరించింది నేను."

"చెప్పులు వేసుకునేలోపు ఎగరేసుకుపోతావా?"

"చెప్పుల్లేకుండా రావాల్సింది." ఆ మాట అనేసరికి సంచీ కనిషాయ్ భుజమ్మీదుంది. సంచీ ఎటు పోతుంటే పిల్ల అటే వెళ్లింది, మరేం చేస్తుంది?

ఆ రాత్రికి ఉండి పొద్దున్నే పోతానంది ఇనేస్. పొద్దున్నకి బట్టలు ఆరలేదు. ఆరేసరికి వెన్న తీసే రోజు వచ్చింది. వెన్న తీసే రోజు ఎవరినైనా పంపుతారా? తర్వాత పక్కూళ్లో గుర్రపుపందేలు. ఆ తర్వాత ఎందుకు వెళ్లలేదో ఎవరూ అడగలేదు. సత్రం మాత్రం చూసొచ్చింది. సోవెత్ తన గుర్రమ్మీద కూర్చోబెట్టి తీసుకెళ్లాడు. వచ్చి, "చాలా ప్రాచీనమైన కట్టడం. మీ ఆతిథ్యానికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు" అంది. విశ్వవిద్యాలయంలో నేర్చుకున్న కిర్గిజ్ అది.

"ఇంట్లో రేడియో పాడైందని బాధపడ్డాను, ఇంకొకటి వచ్చింది" అన్నాడు సోవెత్.

నెల తిరిగేసరికి రేడియో భాష పోయింది, బత్మా భాష వచ్చింది. ఊళ్లో అందరికంటే గట్టిగా మాట్లాడేది బత్మాయే కనుక పిల్ల చెవిన పడినవి ఎక్కువగా ఆవిడ మాటలే. మేకని తిట్టడంలో కొన్ని ప్రయోగాలు విని కనిషాయ్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. ఇనేస్ తినడం మాత్రం చూడముచ్చటగా తినేది. వేడి రొట్టెమీద అంగుళం మందాన మీగడ, దానిమీద నల్లద్రాక్షలాంటి కొండపండ్ల జాము. గుర్రప్పాలు పులియబెట్టిన కుమీస్ మొదటిరోజు ఒక గుక్క తాగి కళ్లనీళ్లు పెట్టుకుంది. వారానికి గిన్నె ఎత్తి గడగడా తాగి, మూతికి అంటిన నురగ తుడుచుకోకుండానే ఇంకొంచెం పొయ్యమని గిన్నె చాచింది. ఆ చాచిన గిన్నె చూసినప్పుడు కనిషాయ్ మొహం చూడాలి. పతకం ఇచ్చినరోజున కూడా అంత వెలగలేదు.

ఇక ఊరు ఊరుకుంటుందా? ఒక ఇంట్లో టీ, ఇంకో ఇంట్లో నూనెలో వేయించిన పిండిబిళ్లలు, మరో ఇంట్లో 'ఊరికే కూర్చుని పో' అని మొదలుపెట్టి పొట్టేలు కోయడం. పిల్లని బయటికి పంపేముందు కనిషాయ్ గుమ్మం దగ్గర ఆపి పాఠం చెప్పేది.

"బత్మా ఇంట్లో పెట్టిందంతా తిను. తినకపోతే నేనే వద్దన్నానంటుంది. కానీ రెండోసారి అడగకు."

"ఎందుకు ఎజే?" అక్కని పిలిచినట్టు పిలిచేది ఇనేస్.

"అడిగితే మనింట్లో చాలట్లేదని ఊరంతా చెప్తుంది."

"మరి ఆవిడే మళ్లీ పెడితే?"

"పెడితే తిను. తిని, 'మా ఎజే చేసినట్టే ఉంది' అను. అంతే, ఇంక పెట్టదు."

గొడవంతా బిందె దగ్గర వచ్చింది. అతిథి బిందె ముట్టకూడదు. ఇనేస్ మాత్రం ఊరికే తిని కూర్చోవడం ఒంటికి పట్టడంలేదని, ఒకరోజు తెల్లవారకముందే లేచి ఏటికెళ్లి నీళ్లు తెచ్చేసింది. కనిషాయ్ లేచి చూసేసరికి నిండు బిందె. అది చూసి మెచ్చుకోలేదు, కేకలేసింది. "ఊళ్లో ఎవరైనా చూశారా? నా అతిథి చేత నీళ్లు మోయించానంటారు. నా పరువు ఏట్లో కలిపావు!" మర్నాడు ఇనేస్ ఆవు దగ్గర చేరింది. ఆవు ఒక్క తన్ను తన్నింది; పిల్ల ఒకవైపు, చెంబు ఒకవైపు. పాలు కారుతూ లేచి, బత్మా భాషలో ఆవుని తిట్టింది. కనిషాయ్ కిందకూర్చుని నవ్వింది, లేవలేకపోయింది. ఆ నవ్వుతో చట్టం సడలింది. తర్వాత నీళ్లూ పాలూ పేడపిడకలూ అన్నీ ఇద్దరి పనే. ఇంట్లోవాళ్లకి అది అలవాటైపోయింది. ఆ పిల్ల ఇంటికి ఏమవుతుందో ఎవరూ తేల్చుకోలేదు, తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ అవసరం వియ్యాలవారి రూపంలో వచ్చింది.

కొడుకు ఎర్మెక్‌కి కొండకవతల కొచ్కోర్‌లో సంబంధం కుదిరింది. పిల్ల తల్లిదండ్రులు శనివారం వస్తున్నారని కబురు. మొదటిసారి రావడం, పెళ్లి ఎప్పుడనేది ఆ రోజే తేలాలి. ఇష్టాలు ముందే కలిశాయి కదా, ఇంకేముంది అనుకునేవాళ్లు ఎప్పుడూ వియ్యాలవారికి భోజనం పెట్టి ఉండరు. పెళ్లికూతురి తండ్రి తుర్గున్‌బాయ్ గుర్రపుపందేలకు తీర్పరి. అంగుళం తేడాని కూడా పట్టేస్తాడు. ఆయన భార్య జూరాకన్ అంతకంటే చూపున్న మనిషి. పోయినేడు ఒక ఇంట్లో తనకి రావాల్సిన ముక్క తనకంటే చిన్నదానికి వెళ్లిందని, పళ్లెంలో చెయ్యి పెట్టకుండా లేచొచ్చింది. ఆ ఇంటి కుర్రాడికి ఇప్పటికీ పెళ్లికాలేదు.

అసలు ప్రశ్న వెంటనే లేచింది. ఆ రోజు ఇనేస్‌కి ఏం పెట్టాలి?

"ఇందులో అడగడానికేముంది?" అన్నాడు సోవెత్. "తల పెడదాం. ఎక్కడో సముద్రం అవతలినుంచి వచ్చిన పిల్ల. వియ్యంకుడి పక్కన పైన కూర్చోబెట్టి, గొర్రె తల ముందు పెట్టామంటే, మన ఇంటికి ఎటువంటి అతిథులొస్తారో తెలుస్తుంది వాళ్లకి."

"తెలుస్తుంది, తెలిసి లేచిపోతారు" అంది బత్మా. పిండి పిసకడానికని వచ్చింది, మాట చెప్పడానికని ఉండిపోయింది. "ఆడపిల్లకి తలేంటి? పైగా తండ్రి బతికున్నవాళ్లకి తల పెడతారా ఎక్కడైనా? ఏమే పిల్లా, మీ నాన్న ఉన్నాడా?"

"ఉన్నారు. లిస్బన్‌లో పళ్ల డాక్టరు."

సోవెత్ మొహంలో ఆ పళ్ల డాక్టరు ఇంకా ఉన్నందుకు కాస్త నిరుత్సాహం కనిపించింది.

"నాకు తల వద్దు" అంది ఇనేస్. "అది నావంకే చూస్తూ ఉంటుంది. నేను గుమ్మం దగ్గర కూర్చుని అందరికీ టీ పోస్తాను."

"అదీ మాట!" అంది బత్మా. "అందరిలోకీ దీనికే బుద్ధుంది."

కనిషాయ్ పిండి కాగితంలా పలచగా వత్తుతూ ఆలోచించింది. ఏ దారి చూసినా గొయ్యే. పైన కూర్చోబెడితే, మా అమ్మాయి ఈడుదాన్ని మాకంటే పైన కూర్చోబెట్టారని జూరాకన్ పట్టుకుంటుంది. గుమ్మం దగ్గర పెడితే, సముద్రం దాటొచ్చిన పిల్ల చేత టీ పోయించుకున్నారని లోయంతా చెప్పుకుంటుంది. అసలు కూర్చోబెట్టకుండా వంటపాకలో దాచేస్తే? అతిథిని దాచిన ఇల్లు ఇంతవరకూ ఈ ఊళ్లో లేదు. అత్తగారు గుడ్డమీద పరిచిన ఎముకల్లో మేనమామలున్నారు, బావమరుదులున్నారు, తెగ తెలియని గుర్రపురౌతులున్నారు. ఆవుని తిట్టే అతిథి లేదు.

శనివారం వచ్చారు వాళ్లు. తుర్గున్‌బాయ్ ఎత్తుగా, తెల్ల ఉన్నిటోపీ తీయకుండా, పెరట్లో గుర్రాన్ని ఒకసారి చుట్టూ తిరిగి చూసి "కుడి వెనక కాలు జాగ్రత్త" అన్నాడు. జూరాకన్ నోట్లో బంగారుపళ్లు, చేతిలో పెట్టుబట్టల మూట. గొర్రెని వాకిట్లోకి తెచ్చి చూపించారు, అందరూ అరచేతులు చాచి దీవెన అడిగి మొహం తడుముకున్నారు. ఎర్మెక్ దాన్ని తీసుకెళ్లాడు. పెళ్లికొడుకు కనుక ఆ రోజంతా మంచివాడిలా నేలచూపులు చూస్తూ పనిచేశాడు.

ఇనేస్ వంటపాకలోనే ఉంది. కానీ జూరాకన్ మొదటి టీ గిన్నె దించకముందే అడిగేసింది. "మీ ఇంట్లో ఎవరో పరాయిదేశపు పిల్ల ఉందటగా? కొచ్కోర్ దాకా వినపడింది. చూపించరా, దాచుకుంటారా?"

సోవెత్ అందుకోసమే కాచుకుని ఉన్నాడు. పిండిచేతులతో ఉన్న పిల్లని లాక్కొచ్చి, గుమ్మానికి ఎదురుగా పైవరసలో, జూరాకన్ పక్కన కూర్చోబెట్టాడు. ఎవరూ అడగని పని చేసి ఇంత గర్వంగా నిలబడే మొగుళ్లు లోకంలో చాలామంది ఉంటారు, కనిషాయ్ వాటాకి ఒకడు వచ్చాడు.

జూరాకన్ పిల్లని పైనుంచి కిందికి చూసింది. "కూర్చో తల్లీ, కూర్చో. నువ్వు సముద్రం దాటొచ్చావు. మేమేముంది, ఒక్క కొండ దాటాం."

ఈ మాట గోడవతల వంటపాకలోకి తిన్నగా వచ్చింది. బత్మా కళ్లెగరేసింది. "విన్నావా? మొదలైంది. ఇప్పుడు ఆ పిల్ల ముందు తొడ ఎముక పెట్టినా గొడవే, జబ్బ ఎముక పెట్టినా గొడవే. ఏమీ పెట్టకపోతే నీ కొంపలో మర్యాద లేదు. పిలిచి తీసుకురా బయటికి, కడుపునొప్పని చెప్పు."

"ఎవరికి కడుపునొప్పి? దానికా? ఊరంతా తిని అరిగించుకుంది!"

కడాయిలోంచి మాంసం తీశారు. ఆవిరి పాకంతా నిండింది. కనిషాయ్ చేతులు కడుక్కుని, తలగుడ్డ బిగించి, పెద్ద చెక్కపళ్లెం ముందు మోకాళ్లమీద కూర్చుంది. ఇక ఆమెకి ఎవరి మాటా వినపడదు. తల తుర్గున్‌బాయ్‌కి. ఆయన తండ్రి పోయి చాలాకాలమైంది, ఆ విషయం ముందే కనుక్కుంది. ఒక తుంటి ఎముక వెంట వచ్చిన ఆయన అన్నకి, రెండోది ఊరి పెద్దాయనకి. తోక దగ్గరి కొవ్వుముక్క జూరాకన్‌కి, అందులో వంక పెట్టడానికి వీల్లేదు. తొడ ఎముకలు, జబ్బలు, పక్కటెముకలు ఒక్కొక్కటి ఒక్కో పేరుమీద పడిపోతున్నాయి. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

ఒక్కచోట ఆగింది.

కడాయి అడుగున రొమ్ముముక్క మిగిలింది. చర్మంతో సహా ఉడికి, అంచు బంగారు రంగు తేలిన మెత్తటి ముక్క. దాని మనిషి ఎవరో అందరికీ తెలుసు: ఆ ఇంటి ఆడపిల్ల, లేదా ఆ ఇంటి అల్లుడు. ఊళ్లో వందసార్లు ఆ ముక్కని వందమంది ఆడపిల్లల పళ్లాల్లో పెట్టింది కనిషాయ్. తన ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ కడాయిలోనే ఉండిపోయి, చివర్లో పనివాళ్లకి పోయేది.

ఆమె దాన్ని తీసి పళ్లెంలో పెట్టింది.

బత్మా మణికట్టు పట్టుకుంది. ఈసారి గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "పిచ్చి పట్టిందా నీకు? నీకు ఆడపిల్ల లేదే."

"ఉంది."

"కనిషాయ్, లోపల కూర్చున్నది పెళ్లికూతురి తల్లి. నువ్వు ఈ ముక్క ఆ పిల్ల ముందు పెడితే ఏమని అర్థమో ఆవిడకి తెలీదనుకున్నావా?"

"తెలియాలనే పెడుతున్నానక్కా. చెయ్యి వదులు, చల్లారిపోతోంది."

పళ్లాలు లోపలికెళ్లాయి. ఎప్పుడూ ఎవరో ఒకరి చేతికిచ్చి పంపే కనిషాయ్, ఆ రోజు చివరి పళ్లెం తానే పట్టుకెళ్లింది. తుర్గున్‌బాయ్ తల అందుకుని, చెవి కోసి ఎర్మెక్ చేతికిచ్చాడు, మెచ్చినట్టే లెక్క. జూరాకన్ తన ముక్క చూసి తల పంకించింది. అప్పుడు కనిషాయ్ వంగి ఇనేస్ ముందు రొమ్ముముక్క పెట్టింది.

సోవెత్ టీ గిన్నె పెదాలదాకా వచ్చి నిలిచిపోయింది. ఇనేస్‌కి ముక్క సంగతి తెలుసు, ఊరంతా తిరిగిన పిల్ల కదా. ఒక్కసారి ముక్కవంక, ఒక్కసారి కనిషాయ్ వంక చూసి, మెడ దాకా ఎర్రబడింది.

జూరాకన్ కత్తి కింద పెట్టింది. "ఏమండీ వదినగారూ" అంది, ఒక్కో మాటా తూచి. "మధ్యవర్తి మా ఇంటికొచ్చినప్పుడు ఏం చెప్పాడు? ఒక్కడే కొడుకు, ఆడపడుచు పోరు లేని ఇల్లు అన్నాడు. అది విని కదా మా ఆయన సరేనన్నాడు. ఇప్పుడు ఈ ఆడపడుచు ఎక్కడినుంచి ఊడిపడింది?"

పాక గుమ్మం దగ్గర బత్మా కళ్లు మూసుకుంది.

కనిషాయ్ నిలబడే ఉంది. గొంతు తగ్గించలేదు. "రోడ్డుమీద నుంచి వచ్చింది వదినగారూ. వానలో వచ్చింది. అతిథి అనుకునే తెచ్చాను. అతిథి అయితే తిని, దీవించి, వెళ్లిపోవాలి. ఇది నా నీళ్లు మోస్తుంది, నా ఆవుతో తన్నులు తింటుంది, నేను కోప్పడితే ఎదురు చెప్తుంది. అతిథి ముక్క పెడితే అబద్ధమవుతుంది. మీకు అబద్ధపు పళ్లెం పెట్టి పిల్లనడగడం నాకిష్టంలేదు. మధ్యవర్తి వచ్చినప్పుడు ఆడపడుచు లేదు, నిజమే. ఇప్పుడుంది. మీకు కష్టమైతే ఇప్పుడే చెప్పండి."

కొడుకు పెళ్లి ఆ మాట చివర వేలాడింది. ఎర్మెక్ చేతిలో చెవిముక్క అలాగే ఉంది. నమిలితే తప్పో, నమలకపోతే తప్పో తెలియక చూస్తున్నాడు.

జూరాకన్ ఇనేస్ వైపు తిరిగింది. "ఏమే, నువ్వు మా అమ్మాయిని సతాయిస్తావా?"

ఇనేస్ ఆలోచించింది. రేడియో భాష గుర్తురాలేదు, బత్మా భాషే వచ్చింది. "వంట బాగోకపోతే సతాయిస్తానండీ."

ముందు తుర్గున్‌బాయ్ నవ్వాడు. తల ఉన్న పళ్లెం ఊగిపోయేలా నవ్వాడు. "ఆడపడుచే! అనుమానం లేదు! ఇంత పొగరు అతిథికుండదు!" నవ్వు గదంతా పాకింది. జూరాకన్ మాత్రం నవ్వకుండా మూట విప్పింది. పూలు కుట్టిన తలగుడ్డ ఒకటి తీసి ఇనేస్ తలకి కట్టి, గడ్డం కింద ముడి గట్టిగా బిగించింది. అది తన సొంత కోడలికోసం కొన్నదని తర్వాత తెలిసింది. "ఆడపడుచుకి పెట్టకపోతే రేపు నా కూతుర్ని దెప్పుతుంది" అంది. అప్పుడు బంగారుపళ్లన్నీ బయటపడ్డాయి.

ఇక ఇనేస్ పని మిగిలింది. ముక్క అందుకున్నవాళ్లు దాన్ని ఒక్కరే తినకూడదు. ఆమె కత్తి తీసుకుని, రొమ్ముముక్కలో మెత్తటి చోటు చూసి కోసి, లేచి, అందరూ చూస్తుండగా గుమ్మం దగ్గరికెళ్లి బత్మా నోట్లో పెట్టింది. బత్మా ఏదో అనబోతోంది. చాలా పొడుగైనదే అయ్యుంటుంది. నోరు నిండిపోయింది. నమిలేసరికి ఆ మాట మర్చిపోయింది. "ఉప్పు తక్కువ" అని మాత్రం అని, కళ్లు తుడుచుకుంది. ఆవిరి వల్లనంది.

కనిషాయ్ అప్పుడు కూర్చుంది. కూర్చుని, గదంతా వినేలా, ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడని మాట అంది. "ఇనేస్! నిలబడ్డావేం? పెద్దవాళ్ల గిన్నెలు ఖాళీ అయ్యాయి, కనపడట్లేదా?" పిల్ల టీనీళ్లు మరిగే సమోవార్ దగ్గరికి పరిగెత్తింది. ఆ మందలింపులో ఉన్నంత గర్వం ఏ పొగడ్తలోనూ ఉండదు. ఆ గదిలో ఉన్న ఆడపిల్లల తల్లులందరికీ అది తెలిసింది.

టీ అయ్యాక పెళ్లిమాట వచ్చింది. తుర్గున్‌బాయ్ మంచు పడకముందే చేద్దామన్నాడు. ఊరి పెద్దాయన వసంతం మంచిదన్నాడు. అప్పుడు జూరాకన్ అడ్డుపడింది. "ఆడపడుచు లేకుండా కోడల్ని ఎవరు గుమ్మం దాటిస్తారు? తెర ఎవరు పట్టుకుంటారు? ఏమే పిల్లా, నిన్నెప్పటిదాకా ఉండనిస్తారు ఈ దేశంలో?"

ఇనేస్ చెప్పింది. వీసా అక్టోబరు చివరిదాకా. పెద్దవాళ్లు గడ్డాలు నిమురుకున్నారు, వేళ్లు మడిచారు, కనుమ ఎప్పుడు మూసుకుంటుందో లెక్కవేశారు. అక్టోబరు మూడో వారం ఖాయమైంది. ఆ లోయలో తాతలనాటి నుంచి పెళ్లిరోజుని వానా, మందా, ముల్లా నిర్ణయించేవి. ఎర్మెక్ పెళ్లిని పోర్చుగల్ పాస్‌పోర్టు మీద కొట్టిన ముద్ర నిర్ణయించింది.

ఆ వారమంతా కనిషాయ్ పిలుపులకి ఇంటింటికీ తిరిగింది. ఎవరైనా అంత తొందరగా ఎందుకు పెట్టుకున్నారని అడిగితే, నడుంమీద చెయ్యి వేసుకుని, రోడ్డుకవతలున్న వాళ్లకి కూడా వినపడేలా చెప్పేది.

"ఏం చేస్తాం, మా అమ్మాయికి కుదరాలిగా!"